నలభై ఏడో ప్రశ్న

అరవై ప్రశ్నల్లో ఆ పిల్లకి ముప్ఫై ఒకటి తప్పు పోయాయంటే, ఆ తప్పు మీది. చట్టాలు రాసినవాళ్ళది, వాటిని అచ్చేసి బీరువాల్లో దాచుకున్నవాళ్ళది, ఓట్లప్పుడు మాత్రమే పేటకి దారి తెలిసినవాళ్ళది. చేపల హార్బరుకి ఆనుకుని ఉన్న పేట అది. కోర్టు నుంచి ఆటో ఎక్కితే ఇరవై నిమిషాలు. ఇన్నేళ్ళలో ఆ ఇరవై నిమిషాల దారిలో పోలీసు జీపు వచ్చింది, తుపాను లెక్కలు రాసుకునేవాళ్ళు వచ్చారు, చట్టం మాత్రం రాలేదు. అది రాలేదని అక్కడి మనుషులు చేతులు కట్టుకుని కూర్చోలేదు, తమది తాము చేసుకున్నారు. సాయిదుర్గ చిన్నప్పటి నుంచి విన్నది అదే. పరీక్ష కాగితం మీద పెట్టిందీ అదే.

పోయిన వారం చదవనివాళ్ళకి నాలుగు ముక్కలు. సాయిదుర్గకి ఇరవై నాలుగేళ్ళు. తండ్రి గంగరాజు బోటు నడుపుతాడు, పేట పెద్దల్లో ఒకడు. దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసి, మూడేళ్ళ లా కోర్సు కోసం ఆమె లాసెట్ రాయబోతోంది. కోచింగు ద్వారకానగర్‌లో, గురునాథరావు మాస్టారి దగ్గర. ఆయన కోర్టు ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి దిగిపోయిన మనిషి. నమూనా పరీక్ష కాగితం తిరిగిచ్చేటప్పుడు ఆమెని విడిగా పిలిచి, "నీ తప్పులన్నీ ఒకే ఊరివమ్మా. ఈ చట్టం ఎక్కడిది?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేక బస్సెక్కింది. అక్కడ ఆగాం. ఇక పరీక్షకి తొమ్మిది రోజులే ఉన్నాయి.

జవాబు ఆమెకి బస్సులోనే తెలిసింది. ఆ చట్టం వలల పాకది.

వేట నిషేధం నడుస్తోంది. రెండు నెలలు బోట్లు కదలవు, మగవాళ్ళు ఇంటిపట్టునే ఉంటారు. ఇల్లంటే ఒకే గది. ఆ గదిలో టీవీ, దాని ముందు పేకాట, పక్కన గంగరాజు విప్పి తెచ్చిన ఇంజను పంపు. బయట బోట్లకి మేకులు కొట్టే చప్పుడు పొద్దున్న మొదలైతే చీకటి పడే దాకా ఆగదు. కాస్త నీడా కాస్త గాలీ ఉన్న చోటు పేట మొత్తంలో వలల పాక ఒక్కటే. అక్కడ సూరన్న ఉంటాడు. డెబ్భై దాటాక సముద్రం మానేసి వలలు బాగుచేస్తున్నాడు. పెద్దల్లో పెద్ద. అక్షరం రాదు.

సాయిదుర్గకి పైకి చదివితే గాని బుర్రకెక్కదు. కాబట్టి ఏప్రిల్ నెల నుంచి ఆమె ప్రశ్న చదవడం, సూరన్న చేతిలో సూది ఆపకుండా తీర్పు చెప్పడం, అది సబబుగా ఉందని ఆమె దాని మీదే టిక్కు పెట్టడం వరసైపోయింది. ఆయన తీర్పులు సబబుగానే ఉంటాయి. పేటలో నలభై ఏళ్ళుగా తగువులు తెగ్గొట్టిన మనిషి. ఆయన మాట మీద నడిచిన బోట్లు వందున్నాయి. లాసెట్ వాళ్ళ జవాబుల కీ మాత్రం ఆయన మాట మీద నడవదు.

కాగితం ఇచ్చిన రోజే మాస్టారు చెప్పిన ప్రకారం ఆమె ఇప్పుడు తప్పులకి ఒక నోటుబుక్కు పెట్టింది. ఎడమ పేజీ మీద 'పేట' అని, కుడి పేజీ మీద 'పుస్తకం' అని రాసుకుంది. ఎడమ పేజీ చింపొద్దని మాస్టారు గట్టిగా చెప్పాడు. పరీక్ష రాసే తొంభై నిమిషాలు దాన్ని మూసిపెడితే చాలన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్న పది గంటలకి అదే పని నడుస్తోంది. పరాయివాడి వస్తువు దొరికితే ఎవరిదని ప్రశ్న. సముద్రం ఒడ్డుకి పంపినదేదైనా దానికి ముందు తాడు కట్టినవాడిదేనని సూరన్న ఎప్పుడో చెప్పేశాడు. అసలు యజమాని వస్తే తిరిగి ఇచ్చెయ్యాలని పుస్తకం. కుడి పేజీలో రాసుకుంది. తర్వాతది ఈత వచ్చినవాడి ప్రశ్న. ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు మునిగిపోతుంటే వాడు ఒడ్డున నిలబడి చూశాడు. చట్టం ముందు వాడు దోషా?

"కాదంట తాతా" అంది సాయిదుర్గ.

సూరన్న చేతిలో సూది ఆగింది. "ఆడికేటీ అవదా?"

"ఆడి మీద ముందునుంచీ ఏ బాధ్యతా నేకపోతే, అవదు."

"అయితే ఆ పుత్తకం రాసినోడు ఏ రోజూ నీళ్ళలో దిగనేదు" అని సూరన్న మళ్ళీ సూది కదిపాడు.

పరీక్షకి అక్కర్లేకపోయినా ఆమె ఆ మాట ఎడమ పేజీలో రాసుకుంది. మార్కు కావాలంటే మునిగేవాణ్ణి మునగనివ్వాలి. మార్కు కావాలి. కుడి పేజీలో 'దోషి కాడు' అని రాసి కింద గీత గీసింది.

నాగశ్రీ అప్పుడే పాకలోకి వచ్చి స్తంభం పక్కన కూర్చుంది. ఆమె మొదటి భర్త కన్నబాబు రెండేళ్ళ కిందట వేటకెళ్ళి సముద్రంలోనే చనిపోయాడు. సాయిదుర్గకి అతను పెదనాన్న కొడుకు. మొన్న జనవరిలో నాగశ్రీ అర్జునరావుని చేసుకుంది. అతను పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. పేటలో రెండో పెళ్ళికి ఎవరూ అడ్డు చెప్పరు. ఒక్కటే కట్టుబాటు ఉంది: బయటికెళ్ళేది మనిషి, పిల్ల కాదు. కాబట్టి ఆరేళ్ళ యశస్విని కన్నబాబు తల్లి గంగాలమ్మ దగ్గరే ఉండిపోయింది. నాగశ్రీ ఆదివారం వచ్చి చూసుకోవచ్చు. ఆమె ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి వస్తుంది. ఈ మధ్య వరసగా మూడు ఆదివారాలు గంగాలమ్మ గుమ్మంలోనే నిలబడి పిల్ల నిద్రపోతోందని చెప్పింది. ఇవాళా అంతే. నిద్ర లేచే దాకా నీడలో కూర్చుందామని ఆమె పాకకి వచ్చింది.

ఎవరొచ్చారో సాయిదుర్గ తల ఎత్తి చూసుకోలేదు. తర్వాతి ప్రశ్న చదివేసింది. నలభై ఏడు. "ఒక హిందూ మైనరు బాలిక తండ్రి మరణించాడు. తల్లి మరల వివాహం చేసుకుంది. ఆ బాలికకు సహజ సంరక్షకులు ఎవరు? ఒకటి, తండ్రి తండ్రి. రెండు, తండ్రి తల్లి. మూడు, తల్లి. నాలుగు, గ్రామ పెద్దలు."

సూరన్న ఆలోచించలేదు. "తండ్రోళ్ళదే. నాయనమ్మ."

సాయిదుర్గ నమూనా పరీక్షలో పెట్టిన టిక్కు కూడా రెండు మీదే ఉంది. కీ చూసింది. మూడు. కింద మాస్టారు ఎర్ర ఇంకుతో రాసిన ముక్క పైకి చదివింది: తండ్రి తర్వాత తల్లే, మళ్ళీ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు.

"మళ్ళీ సదువు" అంది నాగశ్రీ.

గొంతు గుర్తుపట్టి సాయిదుర్గ తలెత్తింది. మళ్ళీ చదవలేదు. నాగశ్రీ లేచి వచ్చి పుస్తకం తీసుకుంది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. వేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, చివరిదాకా చదివింది. ఎర్ర ఇంకు ముక్క రెండుసార్లు చదివింది.

"ఈ మాట ఆ రోజు ఎందుకు సెప్పనేదు సాయీ?"

"నాకు తెల్దు వదినా."

"తెల్దా? తెలీకుండా రాసేసినావా?"

రాసింది సాయిదుర్గే. పదో తరగతి నుంచి పేటలో ఏ ఒప్పందమైనా ఆమె చేతే రాయిస్తారు. దస్తూరీ అచ్చు వేసినట్టుంటుంది. జనవరి నెలలో రామకోవెల అరుగు మీద కూర్చుని, పెద్దలు చెప్పింది చెప్పినట్టు రాసింది. పై చెప్పిన బాలిక తండ్రి వంశము వారి వద్దనే ఉండవలెను, తల్లికి ఆ బాలికపై ఇకమీదట ఏ హక్కును లేదు. ఆ 'ఇకమీదట' పెద్దలు చెప్పిన మాట కాదు. వాక్యం నిండుగా ఉంటుందని ఆమే కలిపింది. కింద నాగశ్రీ చేత సంతకం పెట్టించింది. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది కూడా ఆమే.

"నాకు ఒక మార్కు పోయిందనుకున్నాను" అంది సాయిదుర్గ.

నాగశ్రీ పుస్తకం మూసి ఆమె ఒళ్ళో పెట్టింది. ఎవరికో జరిగిన సంగతి చెప్తున్నట్టు చెప్పింది. పోయిన నెలలో పిల్ల ఒకసారి చేతికి దొరికిందట. పక్కింటివాళ్ళు ఎవరొచ్చారని అడిగితే, పరవాడ అమ్మ వచ్చిందని చెప్పిందట.

"ఇంట్లో ఉన్న నాయనమ్మే దానికి అమ్మ. నాను పరవాడ అమ్మని."

సూరన్న వల మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. సూది మాత్రం ఆగింది.

గంగరాజు చేతికంటిన గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ అప్పుడు వచ్చాడు. మంచినీళ్ళకోసం వచ్చిన మనిషి కూతురి మొహం చూసి ఆగాడు. సాయిదుర్గ దాచలేదు. ప్రశ్న చదివింది, జవాబు చదివింది, కాగితం చెల్లదని చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. గంగరాజు అరిచే రకం కాదు. పెద్దరికం చేసేవాడు అరిస్తే తగువు తెగదని ఆయనకి తెలుసు.

ఆయన చెప్పిందంతా అబద్ధం కాదు. కోర్టుకెక్కిన తగువు పదేళ్ళు నడుస్తుంది, పేటలో ఒక పూటలో తేలిపోతుంది. కన్నబాబు పోయినప్పుడు నాగశ్రీ ఇంట్లో ఏడాదిన్నర పొయ్యి వెలిగిందంటే పెద్దలు చెప్పబట్టి ప్రతి బోటూ ఆమెకి కూర చేపలు పంపబట్టే, ఏ చట్టమూ పంపలేదు. ఆమెని పెళ్ళి చేసుకోవద్దని ఒక్కరూ అనలేదు. ఇవన్నీ నాగశ్రీ ఒప్పుకుంది.

"అందరం ఆలోసించే సేసినాం" అన్నాడు గంగరాజు. "గుంటని కూడా తీసుకెల్లిపోతే గంగాలమ్మ వదినింట్లో ఏటుంటాది? కన్నబాబు పోటో."

"నాను పోటో అడగనేదు సిన్నమావా. పిల్లనడిగినాను."

జవాబు లేనప్పుడు పెద్దలు ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు. కూతురి వైపు తిరిగాడు. "నిన్ను పేట కోసం సదవమన్నాం. పేట మీదకి సదవమన్నేదు."

తర్వాత మాట ఇంకా నెమ్మదిగా చెప్పాడు. దాని బరువు తెలియాలంటే పెద్దల పెట్టె సంగతి తెలియాలి. హుద్‌హుద్ తుపానులో పేట మొత్తం కాగితాలు నానిపోయాయి. రేషను కార్డుల నుంచి బోటు రిజిస్ట్రేషన్ల దాకా ఏదీ మిగల్లేదు. ఆ తర్వాత రామకోవెల వెనక గదిలో ఎత్తున దిమ్మ కట్టి ఇనప్పెట్టె పెట్టారు. తుపాను కబురు రాగానే ఇంటింటి కాగితాలూ అందులోకి వెళ్తాయి. మూడు తాళాలు, ముగ్గురు పెద్దలు. ఒకటి సూరన్నది, ఒకటి గంగరాజుది. మూడోది గంగాలమ్మ మొగుడిది. ఆయన పోయాక తాళంచెవి ఆమె మొలతాడుకే ఉండిపోయింది. మూడూ కలిస్తేనే మూత లేస్తుంది. పెద్దలు రాయించిన ఒప్పందాలు కూడా అందులోనే ఉంటాయి. మొన్న వాయుగుండం అన్నారని గంగరాజు ఇంట్లోవన్నీ మూటగట్టి అందులో పెట్టించాడు. సాయిదుర్గ డిగ్రీ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు, ఓటరు కార్డు, హాల్ టికెట్టు. హాల్ టికెట్టు నెట్ సెంటర్లో మళ్ళీ తీయించుకోవచ్చు. గుర్తింపు కార్డు అసలుది చేతిలో లేకపోతే పరీక్ష గేటు దాటనివ్వరు.

"పరీచ్చ రోజు పొద్దున్నే పెట్టె తీయించి నీ కాయితాలు నీకిత్తాను" అన్నాడు గంగరాజు. "ఈలోగా ఆ ప్రశ్న నీ నోట్లోంచి మళ్ళీ రాకూడదు. వచ్చిందా, పెట్టె తెరవను."

"పరీచ్చ అయ్యాక?"

"అయ్యాకా రాకూడదు."

తెలివైన పని ఒకటుంది. తొమ్మిది రోజులు నోరు మూసుకోవడం. గురునాథరావు మాస్టారిని అడిగితే ముందు పరీక్ష రాయమనే అంటాడు. నాగశ్రీ కూడా అదే అంది. "ఒగ్గీ సాయీ. రాసుకో. లాయరయ్యాక సూద్దువులే." నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే అంది. చీర దులుపుకుని లేవబోయింది.

సాయిదుర్గ మనసులో లెక్క కట్టుకుంది. సీటొస్తే కోర్సు మూడేళ్ళు. నల్లకోటు వచ్చేసరికి యశస్వినికి పదో ఏడు వస్తుంది. అప్పటికి పరవాడ అమ్మ అనే పిలుపు ముదిరిపోతుంది, ఏ కోర్టూ దాన్ని కొట్టెయ్యలేదు. ఇప్పుడు ఊరుకుంటే ఈ తొమ్మిది రోజులూ తను చదివేది ఏమిటి? పరీక్ష హాల్లో కంప్యూటరు మీద ఇదే ప్రశ్న వస్తే మూడు మీద నొక్కి, మార్కు తెచ్చుకుని, బయటికొచ్చి పేటలో రెండు మీద బతకాలి. ఈత వచ్చి ఒడ్డున నిలబడినవాణ్ణి చట్టం వదిలేస్తుందని ఇందాకే కుడి పేజీలో రాసుకుంది. ఎడమ పేజీలో ఏం రాసుకుందో కూడా గుర్తుంది.

"వదినా, కూకో" అంది.

తండ్రితో ఆమె చట్టం మాట్లాడలేదు. ఆయనకి పుస్తకం అక్కర్లేదు. ఆయన దారిలోనే అడిగింది. "రెండు బోట్ల వలలు సిక్కుపడి తెగితే మీరు ఎవుల్ని అడుగుతారు నాన్నా?"

"ఇద్దర్నీ."

"జనవరిలో వదినని ఏటడిగినారు?"

అడగలేదని పాకలో ఉన్న నలుగురికీ తెలుసు. ఆమెని అరుగు కింద నిలబెట్టి, తీర్పు రాయించి, సంతకానికి పిలిచారు. రాసిన మనిషి ఇప్పుడు అడుగుతోంది.

సూరన్న సూది పక్కన పెట్టాడు. ఆ ప్రశ్న ఇంకోసారి చదవమన్నాడు. ఇందాక తండ్రి ఏమన్నాడో విని కూడా చదవమన్నాడు. సాయిదుర్గ తండ్రి కళ్ళలోకి చూస్తూ చదివింది. నాలుగు జవాబులూ చదివింది. సూరన్న నాలుగో దాని దగ్గర చెయ్యి ఎత్తి ఆపాడు.

"పిల్ల మనది అన్న మాట నాను ఎనక్కి తీసుకోను. అది నా మాట" అన్నాడు. "కానీ గంగరాజా, వల తెగితే ఇద్దర్నీ పిలిసి కూకోబెట్టినాం ఇన్నాళ్ళూ. పిల్లకాడ ఒకళ్ళనే పిలిసినాం. అది పుత్తకం తప్పు కాదు. మన తప్పు."

మొలతాడు ముడి విప్పడానికి ఆయన ముసలి వేళ్ళకి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యలేదు. తాళంచెవి తీసి, బాగుచేస్తున్న వల మీద, అందరికీ కనపడేలా పెట్టాడు.

"మావా, ఆలోసించుకో" అన్నాడు గంగరాజు.

"అయిపోనాది."

పాక బయట ఇసకలో గంగాలమ్మ వస్తోంది. కబురు ఎవరో అందించినట్టున్నారు, పేటలో కబురుకి కాళ్ళక్కర్లేదు. ఒక చెయ్యి యశస్విని జబ్బ పట్టుకుని ఉంది. రెండోది మొల దగ్గర, మూడో తాళంచెవి మీద. పిల్ల నిద్రపోయి లేచిన మొహంలా లేదు. నాగశ్రీని చూసి చెయ్యి విడిపించుకోబోయింది. గంగాలమ్మ విడవలేదు.

ఆమె పాక దాకా రావడానికి ఇంకా యాభై అడుగుల దూరం ఉంది. సాయిదుర్గ నోటుబుక్కు మూసింది. తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నీ తాళం కూడా ఆ వల మీద పెట్టు నాన్నా. పెద్దమ్మది నాను అడుగుతాను. ఈ రోజే, ఎండ దిగకముందే పెట్టె తెరవాల. నా కాయితాలు అందులోనే ఉంచుకుంటావో, ఇత్తావో నీ ఇట్టం. నాను రాసిన కాయితం మాత్రం బయటికి రావాల. పేట అంతటినీ పిలవాల. అరుగు మీద వదినని కూకోబెట్టాల, కింద కాదు. ఆవిడేటంటాదో అందరూ ఇన్నాక, ఆ కాయితం నా సేత్తోనే కొట్టేత్తాను. ఆరింటి బస్సుకి యశస్విని తల్లితో ఎక్కాల. తీయి నాన్నా. తాళం తీయి."